టైం పోతాంది తాతా

నిరుడు సంక్రాంతికి బెంగుళూరు నుంచి మా బావ దిగి, పదరా ఉదయగిరి దుర్గం ఎక్కుదాం అన్నాడు. 3079 అడుగుల ఎత్తు. నేను సగంలో ఒక బండ మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పేసరికి ఆయన పైదాకా పోయి ఫోటోలు దిగి, కిందికి వస్తా వస్తా నన్ను లేపుకోని పోయాడు. కృష్ణదేవరాయలంతటోడే ఏడాదికి పైగా ముట్టడేసి 1514లో గానీ ఆ కోట పట్టలేకపోయాడు, నాకేం తొందర అని అక్కడ జోకేశా గానీ, ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోన్లో మా అత్తతో "అన్న ఎక్కి దిగాడు, ఈయన తిని దిగాడు" అంటుంటే విన్నా.

అందుకని ట్రైల్ రన్నింగ్ మొదలుపెట్టా, అంటే గుట్టల్లో మట్టి దారుల్లో పరిగెత్తటం. బావే కోచ్, అంతా ఫోన్లోనే. వారంలో ఎక్కువ రోజులు మనిషితో మాట్లాడగలిగినంత నిదానంగా పరిగెత్తాలంట, ఒకటి రెండు రోజులు మాత్రం నోట మాట రానంత గట్టిగా. మా ఊళ్ళో మాట్లాడగలిగే స్పీడు అంటే ఇంక మాట్లాడటమే. చెరువు కట్ట మీద మూడు కిలోమీటర్లకి గంటా పది నిమిషాలు పట్టింది, అందులో రెండు టీలు, రొయ్యల రేటు, ఎవరిదో కూతురి సంబంధం. పోనీ స్వీడనోళ్ళ పద్ధతి ఫార్ట్‌లెక్ అని ఉంది, వేగంతో ఆట అని అర్థం, కరెంటు స్తంభం నుంచి స్తంభం దాకా ఉరకటం మళ్ళీ నిదానించటం, అది మా వీధిలో చేస్తే కుక్కలకి ఆట అయింది.

ఇట్ట కాదని ఊరెనక గుట్టకి పోయా. చిల్లకంప మధ్యలో మేకలు తొక్కిన దారి. కింద వేపచెట్టు నుంచి పైన బండ దాకా గట్టిగా ఎక్కటం, నడిచి దిగటం, ఇట్ట ఆరుసార్లు. దారి మరీ నిలువుగా ఉన్నచోట నడిస్తే తప్పులేదంట, తొడల మీద చేతులు ఆనించి వంగి, చూపు పది అడుగుల ముందు నేల మీద పెట్టి ఎక్కాలంట. ఇది ఫోన్లో చెప్పినప్పుడు బాగానే ఉంది, గుట్ట మీద దూరం నుంచి చూసేవాడికి ఎట్టుంటదో బావ చెప్పలా.

మూడోసారి ఎక్కుతుంటే మేకల తాత అడ్డమొచ్చాడు. "ఏందబ్బయా, పొద్దున్నుంచి ఎతుకుతుండావు, ఏం పోయింది?"

ఆ రోజు నోట మాట రాని రోజు గదా. సెల్లు జబ్బకి కట్టుకోనుండా, దాంట్లో సెకన్లు పోతుండాయి. ఉత్త మణికట్టు మీద వేలితో కొట్టి చూపించి "టైం... పోతాంది... తాతా" అని పైకి పోయా.

దిగేసరికి తాత కర్రతో కంప లేపి చూస్తుండాడు. నాలుగోసారికి ఇద్దరు పిలకాయలు చేరారు. ఐదోసారికి, గుట్ట కింద ఉపాధి పనిలో కందకాలు తవ్వే ఆడోళ్ళు పారలు దించి వచ్చేశారు, మేటు తిడతానే వచ్చి ఆయనా వంగాడు. వాచీ అంట, పెళ్ళికి మామ పెట్టిందంట, గోల్డు పూతంట. నాకు ఊపిరొచ్చేలోపు పద్నాలుగు మంది అయ్యారు, ఒకామె వేలికి ముల్లు దిగి రక్తం గూడా వచ్చింది. ఇప్పుడు నాకేం పోలేదమ్మా ఊరికే పరిగెత్తుతుండా అంటే ఎంత మంచోళ్ళైనా పార ఎత్తరా? నేను గూడా వంగి ఎతకటం మొదలుపెట్టా.

అరగంటకి దొరికింది!

ఎవరిదో, ఎప్పటిదో, హెచ్‌ఎంటీ వాచీ, నాలుగూ ఇరవైకి ఆగిపోయి ఉండాది. తాత కండవతో తుడిచి తనే నా చేతికి కట్టాడు. ఇంక బజ్జీలు ఇప్పించక తప్పుతుందా, మూడొందల అరవై అయింది, మేటు రెండు ప్లేట్లు తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి కబురు నాకన్నా ముందే వచ్చుంది. స్పీడంటే అదీ. మా ఆవిడ చేతికేసి చూసి "మా నాన్న నీకు వాచీ ఎప్పుడు పెట్టాడయ్యా?" అంది. దాచి లాభంలేదని ఉన్నదంతా చెప్పా, పొట్ట పట్టుకోని నవ్వింది. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగి "మా నాన్న పెట్టింది ఉంగరం గదా, అదేది?"

వేలు చూసుకున్నా. లేదు. నెల రోజుల పరుగుకి పొట్ట తగ్గలేదు గానీ వేలు తగ్గినట్టుంది, ఆ కంపలో చెయ్యి పెట్టి కెలికినప్పుడు జారిపోయుంటది.

తెల్లారేసరికి కొళాయి దగ్గర మా ఆవిడ ఊరందరికీ అసలు సంగతి చెప్పేసింది, ఆయనది వాచీ కాదు పరుగు ప్రాక్టీసని. అప్పటికి నేను గుట్ట మీదే ఉండా, తొడల మీద చేతులు పెట్టి వంగి, నేలంతా జల్లెడ పడతా. తాత మేకల్ని తోలుకోని వచ్చి నన్ను చూసి నవ్వాడు.

"తాతా, కొంచెం..." అన్నా.

"మాట్లాడబాకు అబ్బయా, ఊపిరి పోద్ది. నీ టైం నేను చెడగొట్టన్లే" అని మేకల్ని అవతలికి అదిలించుకోని పోయాడు.