రెండు కొప్పుల సామెత మా మల్లికి వద్దు

మొన్న సద్దుల బతుకమ్మ నాడు సరస్సు ఒడ్డున పార్కులో జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. రానివాళ్లకు వాట్సాప్‌లో వీడియో చేరే ఉంటుంది. మా మల్లి, ఇంకో ఇంటివాళ్ల కుక్క కొట్టుకున్నాయి. రెండూ అలస్కన్ మాలమ్యూట్లే, అంటే మంచుబండి లాగే పెద్ద జాతి కుక్కలు. రెండూ ఆడవే. అర నిమిషం కూడా పట్టలేదు. మల్లి చెవి చిరిగింది, మా ఆయన చేతికి నాలుగు కుట్లు పడ్డాయి, ఎవరో పొద్దున్నించీ పేర్చిన గునుగు పూలు గడ్డి మీద చెల్లాచెదురయ్యాయి.

కుట్లు మానాయి. మైకులోంచి వచ్చిన మాట ఇంకా మానలేదు. "రెండు కొప్పులు ఒక్కకాడ ఇముడుతయా మరి!" అందరూ నవ్వారు. బతుకమ్మ చుట్టూ అరవై కొప్పులు ఒక్క లయలో చప్పట్లు కొడుతుండగా అన్న మాట అది!

ఆ రాత్రి గ్రూపులో 'పెంపకం' మీద పెద్ద మెసేజ్. కింద ఒక పెద్దాయన, "1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి మంచుబండి మీద డిఫ్తీరియా మందు మోసిన బాల్టో, టోగో ఈ జాతివే కదమ్మా, అవెంత బుద్ధిమంతులు" అని రాశారు. కావు బాబాయ్ గారూ. అవి సైబీరియన్ హస్కీలు. నీలి కళ్లు, బొచ్చు కనిపిస్తే అన్నిటినీ హస్కీ అనేస్తాం. సైబీరియాలోని చుక్చీ తెగ జనం పెంచిన హస్కీ తేలికపాటి బరువుతో చాలా దూరం పరుగెత్తే కుక్క, మామూలుగా గుంపులో కలిసిపోతుంది. మంచుబండి లాగే ఇంకో జాతి సమోయెడ్ కూడా కలుపుగోలుదే. ఇక అలాస్కా రేసుల్లో ఉరికే అలస్కన్ హస్కీ అసలు ఒక జాతే కాదు, పనికోసం కలగలిపిన కుక్క. పక్కదానితో పోట్లాడేది జట్టుకు చేటు కాబట్టి అలాంటి గుణాన్ని తరతరాలుగా పక్కన పెడుతూ వచ్చారు. మాలమ్యూట్ కథ వేరు. అలాస్కాలో కోట్జెబూ తీరపు ఇనుపియాట్ తెగవాళ్ల దగ్గర పెద్ద బరువులు లాగిన కుక్క అది. ఆడదే 34 కిలోలు తూగుతుంది. మనుషులంటే ప్రాణం పెడుతుంది, దొంగ వచ్చినా తోక ఊపుతుంది. తనలాంటి ఇంకో ఆడకుక్క ఎదురైతే మాత్రం చాలాసార్లు సహించదు. మగవాటికీ మగవాటితో ఇదే గొడవ. అంటే కొప్పులతో పనిలేదు!

రెండేళ్లు వచ్చేదాకా మల్లి ఆ కుక్కతోనే ఆడుకుంది. ఈ గుణం పిల్లప్పుడు బయటపడదు. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య, ఒళ్లూ మనసూ ఎదిగాక వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా ఆడవాటి మధ్య తగ్గుతుందన్న భరోసా లేదు.

ఆ రోజు తప్పు నాదేనని ఒప్పుకుంటాను. పాత స్నేహం కదా అని ఎదురెదురుగా తీసుకెళ్లాను. పక్కన సద్దుల గిన్నెలు, పెరుగన్నం వాసన. మల్లి బిగుసుకుపోయి, తోక నిక్కబొడిచి, కన్నార్పకుండా చూసింది. అది మొరగలేదని నేను పట్టించుకోలేదు. పైగా భయంతో తాడు బిగించాను, అంటే పక్కకు తప్పుకునే దారీ మూసేశాను. మా ఆయన మెడపట్టీ పట్టుకోబోయారు. పోట్లాటలో ఉన్న కుక్క చేయి ఎవరిదో చూడదు. ఇద్దరు చెరొకదాని వెనక కాళ్లు పట్టి ఒకేసారి వెనక్కి లాగి ఉంటే కుట్లు తప్పేవేమో.

కాజీపేటలో మా గల్లీ కుక్కలు గుర్తొచ్చాయి. రెండు ఆడకుక్కలు ఒకదానినొకటి చూసి ఆగేవి, కాసేపు చూసుకుని ఒకటి తల తిప్పుకుని సందులోకి పోయేది. పోవడానికి సందు ఉండేది. పోకపోతే మా నాయనమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించేది. దాని పెంపకం మంచిది కాదని ఎవరూ అనలేదు. ఆ గల్లీని నేను మరీ ముద్దు చేస్తున్నానని నాకూ తెలుసు. రాళ్లు విసిరిందీ మేమే.

ఇప్పుడు ఆ పక్కనే, హనుమకొండలో, మా తమ్ముడు ఏసీ గదిలో ఆడ మాలమ్యూట్‌ను పెంచుతున్నాడు. మే నెల ఎండలో ఆ రెండు పొరల బొచ్చు తలుచుకుంటే నాకు ఉక్కపోస్తుంది. అది చాలదన్నట్టు అదే జాతి ఇంకో ఆడ కుక్కపిల్లను తెచ్చాడు. "ఒక్కతే బెంగ పెట్టుకుంటదక్కా, చెల్లె ఉంటే మంచిగుంటది" అంటాడు. వాడి మనసు మంచిదే. తోడు కావాలంటే మగదాన్ని తేవాల్సింది.

సంఘం పెద్దలకు ఒక మాట. పిల్లలూ గిన్నెలూ ఉన్న బతుకమ్మ దగ్గరికి కుక్కలు వద్దంటే న్యాయమే, వచ్చే ఏడు మల్లి ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ ఇంటివాళ్లూ మేమూ ఇప్పుడు గుడిలో ఎదురుపడినా తల తిప్పుకుంటున్నాం. కుక్కల పోరును మీరు యారాండ్ల పోరు చేశారు. వీడియో తీసేయించండి, వాళ్లనూ మమ్మల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఊళ్లో తమ్ముళ్లకు ఈ జాతి కొనడానికి డబ్బు పంపేవాళ్లు, పంపేముందు నాకొక ఫోన్ చేయండి.

నిన్న తమ్ముడు వీడియో కాల్ చేశాడు. చిన్నదానికి పద్నాలుగు నెలలు. అన్నం గిన్నె దగ్గర పెద్దది వచ్చి నిలబడిందట. గుర్రుమనలేదు, ఊరికే చూసిందట. రెండు గదుల మధ్య గేటు పెట్టించరా అన్నాను. వడ్రంగి పండగ తర్వాత వస్తనన్నాడట.