88 మెట్ల పియానో, పని లేని ఎడమ చేయి

డిజిటల్ పియానో కొనేవాళ్లు ముందుగా అడిగేది, "ఇందులో రిథమ్స్ ఎన్ని ఉన్నాయి?" అని. నాకు ఒళ్లు మండేది అక్కడే. 88 మెట్లకు, వేలికి బరువు తగిలే హ్యామర్ యాక్షన్‌కు డబ్బు పోస్తారు. తీరా ఇంటికి తెచ్చాక ఆటో అకంపనిమెంట్ ఆన్ చేసి, ఎడమ చేతిని స్విచ్‌లు నొక్కే పనికి పెడతారు.

అది ఆన్‌లో ఉన్నప్పుడు స్ప్లిట్ పాయింట్‌కు, అంటే మెట్లను రెండు చేతులకూ విడదీసే చోటుకు, ఎడమవైపు మీరు వాయించింది వాయించినట్టు వినపడదు. మీరు పట్టిన కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) ఏమిటో సాఫ్ట్‌వేర్ ఊహించి, దానికి డ్రమ్స్, బేస్, గిటార్ తనే వాయించుకుంటుంది. ఎడమ చేత్తో మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా చాలా మోడళ్లలో ఒకటే మోత. ఆ చేతికి నేర్పిన ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా వాయించడం) గంగలో కలిసినట్టే.

పోనీ ఆ ఊహైనా సరిగ్గా ఉంటుందా? సి, ఇ, జి, ఎ స్వరాలు కలిపి నొక్కితే అది సి సిక్స్త్ కార్డ్ కావచ్చు, ఎ మైనర్ సెవెన్త్ కావచ్చు. పాట తెలిసిన మనిషి ముందూ వెనకా చూసి చెప్పేస్తాడు. మిషన్‌కు ఆ క్షణంలో నొక్కిన మెట్లే తెలుసు. డిమినిష్డ్ సెవెన్త్ కార్డ్ అయితే మరీ కష్టం. స్వరాల మధ్య దూరాలన్నీ సమానం కాబట్టి నాలుగింటిలో ఏదైనా రూట్, అంటే కార్డ్ పేరుకు మూలమైన స్వరం, కావచ్చు.

అసలు కడుపు మండేది బేస్ దగ్గర. సి మేజర్ అలాగే పట్టుకుని, బేస్ (అట్టడుగు స్వరం) మాత్రం సి నుంచి బి మీదుగా ఎ కి దించి చూడండి. నొక్కిన స్వరాలను బట్టి కార్డ్‌ను గుర్తుపట్టే మామూలు ఫింగర్డ్ మోడ్‌లో అయితే బి దగ్గర మిషన్ దాన్ని సి మేజర్ సెవెన్త్ అనుకుంటుంది, మళ్లీ సి బేసే కొడుతుంది. దిగాల్సిన బేస్ కదలకుండా కూర్చుంటుంది. "ఆన్ బేస్ మోడ్ ఉంది కదా" అంటారు. ఉంది. అందులో అన్నిటికన్నా కింద నొక్కిన స్వరమే బేస్. చెయ్యి ఎక్కువ కదలకుండా అదే సి కార్డ్‌ను జి, సి, ఇ గా తిప్పి పట్టుకున్నారో, బేస్ జి అయి కూర్చుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు చేతులూ వినే ఫుల్ కీబోర్డ్ మోడ్ కూడా ఉంటుంది గానీ, రాగంలో దారిన పోయే స్వరాన్ని సైతం అది కార్డ్‌లో కలిపేసుకుంటుంది.

లయ సంగతి చెప్పనే అక్కర్లేదు. చరణం చివర కాస్త ఆగి, సాగదీసి పల్లవి ఎత్తుకుందామంటే డ్రమ్స్ ఆగవు. ఎండింగ్ బటన్ నొక్కినా తన బార్లు (తాళం ఆవర్తాలు) తను పూర్తి చేసుకునే ముగుస్తుంది. స్టైల్స్ (ఆ రిథమ్సే) వందల్లో ఉన్నా ఎక్కువ భాగం 4/4, 3/4, 6/8 తాళాల్లోనే తిరుగుతాయి. 7/8 దొరికితే అదృష్టం. దానికితోడు పాలిఫొనీ (ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య) తక్కువున్న మోడల్‌లో పెడల్ తొక్కి పట్టుకుంటే, బ్యాండ్ మోతలో మీ పాత స్వరాలు మధ్యలోనే తెగిపోతుంటాయి.

మెట్రోనోమ్ బోర్ కొడితే మిగతా పార్ట్స్ మ్యూట్ చేసి డ్రమ్స్ ఒక్కటే పెట్టుకోండి. అకంపనిమెంట్ ఆఫ్‌లో ఉంటే ఎడమ చేయి మీదే, నాకే అభ్యంతరమూ లేదు. నిజంగా బ్యాండ్ కావాలంటే మాత్రం ఇలాంటి అకంపనిమెంట్ కోసమే చేసిన 61 మెట్ల అరేంజర్ కీబోర్డ్ కొనుక్కోండి. మెట్లు తేలిక, మంచి మోడళ్లలో కొత్త స్టైల్స్ ఎక్కించుకోవచ్చు, ఉన్నవాటిని మార్చుకోవచ్చు. లేదు, పియానోయే కావాలంటారా? షాపులో డెమో బటన్ వైపు చూడకండి. స్టైల్స్ ఆపేయించి, ఎడమ చేత్తో ఆ సి, బి, ఎ దిగుడు ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా వాయించి చూడండి. రెండుసార్లకూ శబ్దంలో తేడా తెలియకపోతే, రిథమ్స్ ఎన్ని ఉన్నా ఆ పియానో వద్దు.