సవరణ: పియేర్ వియోన్, రోజే గింజ్‌బుర్గే ఒక్కరే

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ ఆక్రమణపై సాగిన ఫ్రెంచి ప్రతిఘటన పోరాటం గురించి రాసిన గత టపాలో వాస్తుశిల్పి రోజే గింజ్‌బుర్గేని, కమ్యూనిస్టు నాయకుడు పియేర్ వియోన్‌ని ఇద్దరు మనుషులుగా చూపించాం. అది తప్పు. వియోన్ అన్నది ఆయన మారుపేరే. 1901లో అల్సాస్‌లో పుట్టారు. అప్పటికి ఆ ప్రాంతం జర్మనీ కింద ఉంది కాబట్టి ‘పుట్టుకతో ఫ్రెంచి పౌరుడు’ అన్న మాటా తీసేశాం.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. 1941 మేలో ‘ఫ్రంట్ నేషనల్’ అనే ప్రతిఘటన సంస్థను ఆయనే స్థాపించారని రాశాం. 1940 అక్టోబరులో అరెస్టయిన మనిషికి అదెలా సాధ్యం? 1942 జనవరిలో గైయోన్ కోట నిర్బంధం నుంచి తప్పించుకున్నాకే ఆ సంస్థ నాయకత్వం చేపట్టారు. 1943 మే 27న పారిస్‌లో ప్రతిఘటన నేత జాఁ మూలాఁ అధ్యక్షతన, వివిధ ప్రతిఘటన బృందాల ఉమ్మడి వేదికైన జాతీయ ప్రతిఘటన మండలి తొలి సమావేశం జరిగింది; అందులో ఫ్రంట్ నేషనల్ ప్రతినిధి ఆయనే. 1944 మార్చి 15న మండలి ఆమోదించిన కార్యక్రమానికి మూలం కూడా ఆయన తెచ్చిన ముసాయిదానే.

అన్నట్టు, 1972లో ‘ఫ్రంట్ నేషనల్’ అన్న పేరుతోనే పుట్టిన పార్టీకీ ఈ ప్రతిఘటన సంస్థకీ ఏ సంబంధమూ లేదు. పేరు చూసి చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.