దుబాయికి నాలుగు గంటలే, శంషాబాద్‌కే ఏడు గంటలు

హైదరాబాద్ నుంచి దుబాయికి ఎంతసేపు పడుతుందని ఫోన్‌లో వెతికితే సుమారు నాలుగు గంటలని చూపిస్తుంది. గాల్లో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఆ లెక్క నిజమే. కాకపోతే అది శంషాబాద్ రన్‌వే దగ్గర మొదలవుతుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలోనో అంకీసలోనో ఉండే తెలుగువాళ్ల ప్రయాణం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

మ్యాపు మీద గీత గీస్తే సిరోంచ నుంచి నాగపూర్ విమానాశ్రయమైనా, శంషాబాద్ అయినా 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. మహారాష్ట్ర ప్రభుత్వానికి సిరోంచ నాగపూర్ డివిజన్‌లోని తాలూకా. జిల్లా కేంద్రానికే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. అందులో చాలా భాగం ఆలాపల్లి వైపు అడవి రోడ్డు. వానాకాలంలో వాగులు పొంగితే అదీ ఉండదు. అందుకే గోదావరి మీద వంతెన వచ్చాక జనం కాళేశ్వరం దాటి భూపాలపల్లి, వరంగల్ మీదుగా హైదరాబాద్ దారి పట్టారు. ఇటు రోడ్డు దాదాపు 300 కిలోమీటర్లు, బస్సులు మారుతూ వెళ్తే ఆరేడు గంటలు. విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరుకోవాలి. ఎక్కడ లేటవుతుందోనన్న టెన్షన్‌తో చాలామంది ముందు రోజే బయల్దేరతారు.

టికెట్ మీద టైములు కొత్తవాళ్లను ఇంకా తికమక పెడతాయి. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక. పొద్దున పదింటికి ఎక్కి అక్కడి టైము పన్నెండున్నరకు దిగితే రెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది, నిజానికి అది నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి, ముఖ్యంగా చలికాలంలో, విమానం ఇంకాస్త త్వరగా చేరుతుంది. టికెట్ మీద మాత్రం అదే ఎక్కువసేపు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ప్రాంతాన్ని దెబ్బతీసిన దూరం లెక్క ఇంకొకటి ఉంది. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు పెట్టారు. నిజాం కాలం నాటి వరంగల్ మామునూరు విమానాశ్రయం గాల్లో కొలిస్తే ఆ గీతకు కొంచెం లోపలే పడుతుంది. ఆ కాస్త తేడాతో దాన్ని మళ్లీ తెరిచే పని ఏళ్ల తరబడి మూలన పడింది. శంషాబాద్ నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదన్నాక, 2025లో గానీ కేంద్రం పచ్చజెండా ఊపలేదు. కాగితం మీద అలాంటి గీత గీసినప్పుడు సిరోంచలాంటి ఊళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్నది నా బలమైన అభిప్రాయం.

మామునూరు సిద్ధమైనా మొదటి రోజే అక్కడి నుంచి దుబాయి విమానం ఎగరదు. అప్పటిదాకా ఆగాల్సిన పనీ లేదు. సిరోంచలో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి శంషాబాద్ టెర్మినల్ ముందు దింపే ఒక్క నేరు బస్సు చాలు. రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది. ఈ వానాకాలం లోపే అది మొదలుకావాలి.