ఎవరి గిన్నె వాళ్ల ఇంటికి

పాలమూరుల మా కాలనీల ఎవ్వరికీ పేర్లుండవు, గుర్తులే ఉంటయి. కుక్కను పెంచేటాయన కుక్క సారు. బోరుల నీళ్లు పడ్డామె బోరక్క. పొద్దున లేస్తే కారు కడిగేటాయన కారాయన. నాకేం పేరు పెట్టిన్రో తెల్వదు, అడిగే ధైర్యం గూడ లేదు. ఒకప్పుడు పల్లి చేన్లున్న జాగ ఇది. మక్తల్ నుంచి, నారాయణపేట నుంచి, కోస్గి నుంచి నౌకర్లకో పిల్లల చదువులకో వచ్చి ఇండ్లు కట్టుకున్నోళ్లమే అందరం. గేటుకాడ తలకాయ ఊపితే ఆ పూటకు మాట్లాడుకున్నట్టే లెక్క.

మా ఊరి పిల్లలమర్రి సంగతి ఎరుకే కదా. ఏడు వందల ఏండ్ల చెట్టంటరు. చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగితే 2018ల సెలైన్ బాటిళ్లు వేలాడదీసి, చుక్క చుక్క మందెక్కించి కాపాడుకున్నరు. చెట్టుకే అంత వైద్యం జరిగిన ఊర్ల, కారాయన జ్వరంతోని మంచం పట్టిన సంగతి ఆయన కారు మీద దుమ్ము పేరుకున్నంకనే మాకు తెలిసింది.

ఇది మంచిగ లేదని కాలనీ సెక్రటరీకి తోచింది. "ఈసారి గల్లీకొక బతుకమ్మ వద్దు. అందరం పార్కుల ఒక్కకాడనే ఆడుదాం. ఇంటికొక సద్ది తెచ్చి పంచుకుందాం. అప్పుడన్న ఒకరికొకరం ఎరుకైతం" అన్నడు. ఆడుదాం అంటే ఆయన ఆడడు, కుర్చీలు ఏపిస్తడు.

సద్దుల బతుకమ్మ నాడు ఆడుడు మంచిగనే అయింది. పెద్దచెరువుల బతుకమ్మలను సాగనంపి మళ్ల పార్కుకొచ్చిన్రు. టార్పాలిన్ మీద పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది, మలీద ముద్దలు వరుసగ పెట్టి మూతలు తీసే యాళ్లకు మొగులు విరుచుకపడ్డది. ఆ ఎంబడే కరెంటు పోయింది. "అయ్యో సద్దులు, అయ్యో సద్దులు" అనుకుంట ఎవరి చేతికందిన గిన్నెను వాళ్లు కొంగు కింద పెట్టుకుని ఉరికిన్రు. మూతలు ఇంకోదిక్కు పోయినయి.

తెల్లారి చూస్తే మా ఇంట్ల పరాయి సర్వ ఒకటి కూసుంది. దాని మీద మా గిన్నె మూత.

గిన్నెలకు పేర్లు కొట్టించుడు మన దిక్కు ఉన్నదే కదా, దొరికిచ్చుడు అల్కగనే అయితదనుకున్నం. కానీ అవన్నీ ఆడోళ్లు పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఒకదాని మీద "బి.ఎల్., మక్తల్, 1994" అని ఉంటది. ఇంకోదాని మీద "మేనమామ కట్నం" అని, అంతే. ఎవరి మేనమామ? సెక్రటరీ ఫోన్ల గ్రూపుల ఫొటోలు పెట్టమన్నడు. స్టీలు మెరుపుకు అక్షరాలు ఒక్కటి గూడ కనవడలె. ఫొటో తీసినాయన బనీను, బొజ్జ మాత్రం సాఫ్‌గ కనవడ్డయి.

లాభం లేదని ఇల్లిల్లు తిరుగుడు షురూ చేసినం. మా సర్వ పట్టుకుని కారాయన గేటుకాడికి పోతే ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మాది గాదన్నా, ఈ ఇంటిపేరే నాకు ఎరుక లేదు" అన్నడు. లోపల్నుంచి వాళ్లింటామె వచ్చింది. "పెండ్లయి ముప్పై ఏండ్లాయె, మా నాయిన ఇంటిపేరు ఎరుక లేదా?" అన్నది. నేను సర్వ ఆడనే పెట్టి వచ్చేసిన. ఆ ముచ్చట మధ్యల నిలబడుడు మంచిది గాదు.

ఈలోపు దసరా వచ్చింది. జమ్మి మన రాష్ట్ర చెట్టు, పాలపిట్ట రాష్ట్ర పక్షి, తంగేడు రాష్ట్ర పువ్వు. మూడూ ఈ పండుగ దినాల సామాన్లే. రాష్ట్ర గిన్నె గూడ ఒకటి ప్రకటించి, అందరూ అదే వాడాలంటే ఎవరిది ఎవరింట్ల ఉన్నా రంధి ఉండకపోవు. ఆ పొద్దు మా కాలనీల ఒక చేతిల జమ్మి ఆకు, ఇంకో చేతిల పరాయి గిన్నె. అలయ్ బలయ్ ఇచ్చుకుంటుంటే ఇద్దరి నడుమ గిన్నెలు ఠంగుమన్నయి.

ఖాళీ గిన్నె వాపసు ఇయ్యొద్దని ఒక పద్ధతుంది గదా, దాంతోని ఇంకో తిప్పలు. బోరక్క ఇంట్ల ఉన్న గిన్నె ఎవరిదో ఆఖరుకు పత్తా దొరికింది. దసరా పూట ఏముంటది ఎవరింట్లనైనా? మటన్ కూర నింపి తెచ్చింది. తలుపు తీసినామెను చూసినంక గాని అది గుడి అయ్యగారి ఇల్లని ఆమెకు తట్టలె. "అక్కా, మూత తియ్యకుండ్రి, మళ్లొస్త" అని వెనకకు నడిచింది. వాసన ముందే లోపలికి పోయింది. అయ్యగారు మంచోడు. "మా గిన్నె ఆ రంగుది గాదమ్మా" అని తలుపేసుకున్నడు. అదే గిన్నె చింతపండుతోని తోమించుకుని, పసుపు నీళ్లతోని కడిగించుకుని, నిండ అరటిపండ్లతోని తెల్లారి ఇల్లు చేరింది.

అన్నిట్ల గమ్మత్తు కుక్క సారుది. మూల ఇంటోళ్లు ఒక స్టీలు డబ్బా తెచ్చి, "సార్, దీని మీద మీ పేరే ఉంది" అన్నరు. నిజమే, "గృహప్రవేశ శుభాకాంక్షలతో" అని కింద సారు పేరు. బోరక్క ఇంటి గృహప్రవేశంల ఆయనే పెట్టిన డబ్బా అది. మరి మూల ఇంటికి ఎట్ల పోయింది? వాళ్ల కొడుకు పెండ్లిల బోరక్క పెట్టింది. పాత అక్షరాల మీద రంగు కాయితం అతికి ఉండె, వానకు నాని ఊడింది. ముగ్గురూ డబ్బా దిక్కే చూసుకుంట నిలబడ్డరు. కుక్క గూడ మొరగలె.

సారే గొంతు సవరించుకున్నడు. "మరి దీన్ని నన్ను ఉంచుకోమంటరా, మీకియ్యమంటరా?"

బోరక్క తడుముకోలె. "ఉంచుకోండ్రి సారూ. మీ బిడ్డ పెండ్లికి ఎట్లైనా మేమే తేవాలె గదా."