శ్రీశైలం కరెంటుకు పొగ లేదు సరే, మీథేన్ సంగతి?

జలవిద్యుత్ అంటే కాలుష్యం లేని కరెంటని మనం బళ్లో చదువుకున్నాం. మన పిల్లలూ అదే చదువుతున్నారు. ఈ మాట మీద నాకు చాన్నాళ్లుగా అభ్యంతరం ఉంది.

వేసవిలో సంగమేశ్వరం వెళ్లారా ఎప్పుడైనా? శ్రీశైలం బ్యాక్‌వాటర్ తగ్గి గుడి బయటపడేసరికి చుట్టూ కనుచూపు మేర నేల తేలుతుంది. ఒండ్రులో గడ్డి, పిచ్చిమొక్కలు మొలుస్తాయి. కృష్ణకు వరద రాగానే అదంతా మునిగి కుళ్లుతుంది. ఆక్సిజన్ అందని అడుగున అలా కుళ్లితే పుట్టేది మీథేన్. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్ల దాకా భూమిని వేడెక్కిస్తుంది. డ్యాం కట్టిన కొత్తలో చెట్లు కుళ్లడంతో అయిపోయే వ్యవహారం కాదిది, ఏటా జరిగేదే.

అసలు చిక్కు కొలవడంలో ఉంది. పడవేసుకుని జలాశయం మధ్యకెళ్లి, నీటిమీద ఒక డబ్బా బోర్లించి, కాసేపటికి నమూనా పట్టుకొస్తే దొరికేది పైపొర నుంచి మెల్లగా వెళ్లే వాయువే. లోతు తక్కువున్న చోట మీథేన్ బుడగలుగా పైకొస్తుంది. నీటిమట్టం పడిపోయేటప్పుడు ఆ బుడగలు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. వాటిని పట్టాలంటే నీళ్లలో గరాటాలు తలకిందులుగా కట్టి రోజుల తరబడి ఉంచాలి. ఇక టర్బైన్లకు లోతు నుంచి నీళ్లు తీసుకుంటే, అందులో కరిగున్న మీథేన్ అవతలికి రాగానే ఒత్తిడి తగ్గి గోలీసోడా కొట్టినట్టు బయటపడుతుంది. డ్యాం దిగువన కొలవకుండా తేల్చిన లెక్కను నేను నమ్మను.

బ్రెజిల్‌లో బల్బినా డ్యాం ఉంది. 250 మెగావాట్ల కోసం 2,300 చదరపు కిలోమీటర్లకు పైగా అమెజాన్ అడవిని ముంచేశారు. అంతే కరెంటు శిలాజ ఇంధనాలతో తీసినా అన్ని వాయువులు వచ్చేవి కావని ఫిలిప్ ఫియర్న్‌సైడ్ లాంటి శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు.

శ్రీశైలం బల్బినా కాదు. రెండు గట్లూ కలిపి 1,670 మెగావాట్లు, జలాశయం సుమారు 615 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు మీటరు ముంపుకు 2.7 వాట్లు. ఈ అంకె ఎంత తగ్గితే ఒక్కో వాటుకు ముంపు అంత ఎక్కువన్నమాట. భూమిని వేడెక్కించే వాయువులు తగ్గించే ప్రాజెక్టులకు అమ్ముకోదగ్గ కార్బన్ క్రెడిట్లు ఇవ్వడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన పథకం క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం. అందులో 4 వాట్ల లోపుండే జలాశయ ప్రాజెక్టులకు ఆ క్రెడిట్లు ఇచ్చేవారు కాదు. అది కొత్త ప్రాజెక్టులకు పెట్టిన నిబంధన, శ్రీశైలం మీద తీర్పు కాదు. పైగా ఆ నీళ్లు రాయలసీమకు ప్రాణం, కాబట్టి వాయువుల భారమంతా కరెంటు ఖాతాలోనే వేయడమూ న్యాయం కాదు. డ్యాం తీసేయమని ఎవరూ అడగడం లేదు. కొలవమంటున్నాను, అంతే.

2019 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్తును కూడా పునరుత్పాదక ఇంధనాల్లో చేర్చింది. ముంపు భూముల మీథేన్‌ను లెక్కగట్టే పద్ధతిని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ తన మార్గదర్శకాల్లో పూర్తిస్థాయిలో పెట్టిందీ ఆ ఏడాదే. మొదటిది మనవాళ్లు పండగలా చెప్పుకున్నారు. రెండోదాని గురించి మీలో ఎంతమంది విన్నారు?

వరద రోజుల్లో ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత, 885 అడుగుల పూర్తి మట్టానికి ఇప్పుడెంతుంది అని గంటగంటకూ చెబుతున్నారు. ఆ పక్కనే నెలకోసారి రెండు మీథేన్ అంకెలు కూడా పెట్టండి. ఒకటి సంగమేశ్వరం వైపు కొలిచింది, ఇంకొకటి డ్యాం దిగువన లింగాలగట్టు దగ్గర కొలిచింది.