కోడి పుణ్యాన కోటీశ్వరులైన పికప్ గారికి

మహారాజశ్రీ మిడ్‌సైజ్ పికప్ ట్రక్కు గారి సముఖానికి,

డాలస్ శివార్ల నుంచి ఒక మధ్యతరగతి తెలుగువాడు రాసుకునే మనవి. ఉభయకుశలోపరి. తమరి కుశలం అడగక్కర్లేదు, రేటు చూస్తే తెలుస్తోంది. నా కుశలం ఆ రేటు చూసేదాకా బాగానే ఉండేది.

ముందు తమరి ఆకారం గురించి రెండు ముక్కలు. మీ వంశంలో పేరుమోసిన టయోటా వారి టకోమా డబుల్ క్యాబ్‌ను (నాలుగు తలుపుల రకం) టేపు పెట్టి కొలిస్తే ఆ చివర నుంచి ఈ చివరకి దాదాపు 18 అడుగులు. మామూలుగా షోరూముల్లో కనిపించేవాటికి సామాను వేసే తొట్టి అందులో 5 అడుగులే. మిగతాదంతా మనుషులకీ, వాళ్ల కాఫీ కప్పులకీ, ఫోన్ ఛార్జర్లకీ, గర్వానికీ. హార్డ్‌వేర్ షాపులో ప్లైవుడ్ షీటు మాత్రం ఇప్పటికీ 8 అడుగులే ఉంటోంది, దానికి మీ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. వెనక డోరు దించి పడుకోబెట్టినా అడుగు పైనే బయటికి వేలాడుతుంది. చివరన ఎర్రగుడ్డ కట్టుకుని, కుడి లేన్‌లో బిక్కుబిక్కుమంటూ ఇంటికి రావాలి. పొడుగు తొట్టి కావాలంటారా? 2023లో కొత్త అవతారమెత్తిన షెవర్లే కొలరాడోనీ, 2024 ఫోర్డ్ రేంజర్‌నీ నాలుగు తలుపుల క్యాబిన్, పొట్టి తొట్టి తప్ప ఇంకో రకంగా అమ్మనే లేదు.

మా కాలనీలో మీరు మోసే బరువులు నాకు తెలియనివి కావు. ఇండియన్ స్టోర్ నుంచి రెండు సోనా మసూరి బస్తాలు, పిల్లల సాకర్ గోల్‌పోస్టు, ఏడాదికోసారి నిమజ్జనానికి వెళ్లే గణపతి. వీటిలో మీ మోసే శక్తికి న్యాయం చేసేది గణపతి ఒక్కడే. దానికోసం 2024 టకోమాలో రాళ్లదారులకని చేసిన టీఆర్‌డీ ప్రో రకానికి పెట్టిన రేటు 63,900 డాలర్లు, రవాణా ఖర్చు వేరే. అందులో ముందు సీట్లకు కూడా షాక్ అబ్జార్బర్లు ఉంటాయి, నిజంగానే. రాళ్లగుట్టల మీద కుదుపు తగలకుండా అంటారు. అక్కడే కూర్చుని రేటు విన్నవాడికి ఎంత మేలు!

మీరు ఎప్పుడూ ఇలా లేరు. పొలానికీ, పెయింటింగ్ పనికీ, పచ్చిక కోసేవాళ్లకీ అందుబాటులో ఉండేవారు. 2011లో డాడ్జ్ డకోటా ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ ఫ్యాక్టరీ మూసేసి ఫోర్డ్ వాళ్లు రేంజర్‌ని సాగనంపారు. మరుసటి ఏడాది కొలరాడో కూడా తప్పుకుంది. చిన్న ట్రక్కుకీ పెద్ద ట్రక్కుకీ రేటులో పెద్ద తేడా లేదు, జనం పెద్దదే కొంటున్నారు అన్నారు. నిజమే. పెద్దదాని మీద డిస్కౌంట్లు గుమ్మరించి, చిన్నదాన్ని ఏళ్ల తరబడి మార్పు లేకుండా వదిలేస్తే తేడా ఎలా ఉంటుంది స్వామీ? ఆ ఖాళీలో టకోమా హాయిగా కాళ్లు చాపుకుంది. తర్వాత కొలరాడో 2014లో, రేంజర్ 2019లో తిరిగొచ్చారు, ఒళ్లు చేసి మరీ.

మీ అమ్మకాల లెక్కలు చదవడం నాకు మంచి కాలక్షేపం. టకోమాలు 2023లో 2 లక్షల 34 వేల పైచిలుకు అమ్ముడయ్యాయి. 2024లో మోడల్ మారే గందరగోళంలో బండ్లు సరిగా రాక 1 లక్షా 92 వేలకు పడిపోయాయి. మా ఊరి సంతలో అయితే అమ్మకం పడితే రేటూ పడుతుంది. మీ దగ్గర అమ్మకం తగ్గితే సరుకు తక్కువని రేటు పెంచుతారు, అమ్మకం పెరిగితే గిరాకీ ఎక్కువని రేటు పెంచుతారు. ఈ ఆట చెల్లనిది జీప్ గ్లాడియేటర్ ఒక్కడికే. 2021లో 90 వేల దాకా అమ్ముడైనవాడు 2024కి 42 వేలకు జారాడు. అప్పుడు గుర్తొచ్చాయి పాపం డిస్కౌంట్లు. పోనీ పాత టకోమా కొందామా అంటే, ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. లక్ష మైళ్లు తిరిగినదానికి కూడా ఓనర్లు కొత్త పెళ్లికొడుకు కట్నం చెబుతున్నారు.

ఇక అసలు సంగతి, కోడి. 1960ల మొదట్లో అమెరికా చౌక కోళ్లు యూరప్ మార్కెట్‌ని ముంచెత్తితే వాళ్లు వాటి మీద సుంకం వేశారు. ఒళ్లు మండిన అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్ 1963 డిసెంబర్‌లో ప్రతిగా బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే జిగురు), బ్రాందీల మీద సుంకం పెంచి, చిన్న ట్రక్కుల మీద 25 శాతం ప్రకటించారు. పశ్చిమ జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకు గట్టి దెబ్బే తగిలింది. కాలక్రమంలో పిండి బయటపడింది, బ్రాందీ బయటపడింది. ట్రక్కు మాత్రం లోపలే ఉండిపోయింది. కార్ల దిగుమతికి దశాబ్దాల పాటు 2.5 శాతం, ట్రక్కుకి 25 శాతం. ఆ కోళ్లన్నీ ఎప్పుడో కూరైపోయాయి, బిల్లు ఇంకా మేం కడుతున్నాం.

ఈ గోడ దూకడానికి పెద్దమనుషులు వేసిన వేషాలు చూస్తే మన వీధి నాటకాలు ఏ మూలకి! తొట్టి బిగించకుండా ట్రక్కుని ఓడ దించి, ఇక్కడికొచ్చాక బిగించేవారు. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు వాళ్లు బ్రాట్ అనే బుల్లి ట్రక్కు తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు వెనక్కి తిప్పి బిగించి, పట్టుకోవడానికి పిడులు పెట్టి, 'ఇది ట్రక్కు కాదు, మనుషుల బండి' అన్నారు. ఫోర్డ్ దీన్ని తిరగేసింది. టర్కీ నుంచి ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో తెప్పించి, బాల్టిమోర్‌లో దిగగానే సీట్లు పీకించి సరుకుల వ్యాన్లుగా అమ్మింది. దీని మీద ప్రభుత్వంతో నడిచిన కేసు నానుతూ నానుతూ చివరికి 2024లో 36.5 కోట్ల డాలర్ల రాజీతో తెమిలింది. ఎవరూ కూర్చోని సీటుకి అంత రేటు పలకడం నేనైతే వినలేదు.

ఇంత కథ ఎందుకంటే, మా ఆంధ్రా శ్రీసిటీలో ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ అనే పికప్ తయారవుతోంది. తడ దాటి హైవే మీద వెళ్లేటప్పుడు కొత్త బండ్లు కనిపిస్తుంటాయి. అది అమెరికాలో అడుగుపెట్టాలంటే ఆ కోడికి దండం పెట్టుకోవాల్సిందే. మీ జపాన్ చుట్టం టయోటా హైలక్స్ ఇండియాకి 2022లో వచ్చి 33.99 లక్షల రూపాయలతో మొదలుపెట్టింది. బంధువులు మాత్రం ఫోన్ చేసి, 'అక్కడ అన్నీ చవకే కదా అల్లుడూ, ట్రక్కు తీసుకోవచ్చుగా' అంటారు.

షోరూముకి వెళితే అద్దం మీద రెండు కాగితాలు కనిపిస్తాయి. మొదటిది కంపెనీ రేటు చెబుతూ 1958 చట్టం ప్రకారం అంటించేది. ఒక్లహామా సెనేటర్ మన్‌రోనీ పుణ్యం, డీలరు నోటికొచ్చిన రేటు చెప్పకుండా తెచ్చిన చట్టం అది. దాని పక్కన కొత్తది ఇంకోటి, అది డీలరు నోటికొచ్చిన రేటు. టైర్లలో నైట్రోజన్ నింపినందుకు ఇంత అని రాశారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే కదండీ అని నేను పక్క ఊరి షోరూములో అడిగితే, సేల్స్ కుర్రాడు నవ్వి 'నెలకి ఎంత అనుకుంటున్నారు సర్?' అన్నాడు. మొత్తం ఎంత అని అడిగా. 'నెలకి ఎంత అనుకుంటున్నారు?' మళ్లీ అదే మాట. 72 నెలలు కాదంటే 84 నెలలు చేస్తారట, అప్పుడు నెలకి తేలికగా ఉంటుందట. అప్పు తీరేసరికి మా వాడికి లైసెన్స్ వస్తుంది. పైగా టెక్సాస్ పన్ను 6.25 శాతం. తడిసి మోపెడు.

ఆ మొదటి కాగితంలోనే కింద రవాణా ఖర్చని వెయ్యి డాలర్లు దాటిన ఒక అంకె ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్నవాడికీ, దేశం ఈశాన్య మూలన మెయిన్ (Maine) అనే రాష్ట్రం కొసన ఉన్నవాడికీ అదే అంకె. టకోమాని మా టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలోనే తయారుచేసిన రోజుల్లో ఆ ఊరివాళ్లు కూడా కట్టారు. మన కూరలవాడు తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తాడు. మీ దగ్గర కొసరు వేయాల్సింది కొన్నవాడు.

చవకది ఎవరికీ అక్కర్లేదు అని మాత్రం దయచేసి అనకండి. 2021లో మీ బుల్లి తమ్ముడు మావరిక్‌ని ఫోర్డ్ 19,995 డాలర్లకి, అదీ హైబ్రిడ్ ఇంజిన్‌తో పెట్టింది. జనం ఎగబడ్డారు. 2022 జనవరికే హైబ్రిడ్‌కి ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. 2024లో మావరిక్‌లు 1 లక్షా 31 వేలు పోతే, రేంజర్లు 46 వేలు పోయాయి. దీన్ని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఇలాంటివి ఇంకో నాలుగు తెద్దాం అనుకుంటారు. కంపెనీ వేరేలా అర్థం చేసుకుంది. 2025 మోడల్‌కి మొదలు రేటు 26 వేలు దాటింది.

నా కోరికలు పెద్దవేమీ కావు. ఒక ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు, రెండు బస్తాల మట్టి, పాత సోఫా. వీటిని మోయడానికి తోలు సీట్లూ, గోడంత టీవీ తెరా అక్కర్లేదు. అలాంటిది మీ ఇంట్లో ఎక్కడైనా మూలన పడి ఉంటే కబురు చేయగలరు. అందాకా షాపువాడి దగ్గర గంటల లెక్కన అద్దెకి తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమరి రేటు ముందు చిన్నబోయిన
ఒక సెడాన్ ఓనరు

తా.క.: 2025 ఏప్రిల్‌లో స్లేట్ అనే కొత్త కంపెనీ ఒక చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కుని చూపించింది. రెండే సీట్లు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, రేడియో లేదు, రంగు కూడా వేయరు. 7,500 డాలర్ల ప్రభుత్వ రాయితీ పోను 20 వేల లోపే అన్నారు. ఆ సెప్టెంబర్ 30తో రాయితీ పోయింది, మాట పాతిక వేల చుట్టూ తిరిగింది. కుర్రది, ఇంకా లోకం తెలియదు. దయచేసి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వ్యాపారం నేర్పకండి.